పొందూరు నూలు తెలుపు: డావించి రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌తో నా అనుభవం

మా షార్ట్ ఫిల్మ్ 11 నిమిషాలు. పొందూరులో రాట్నం వడికే మా మామ్మ మీద ఫోన్‌తోనే తీశాం. ఎడిటింగు, కలరు సరిదిద్దడం రెండూ డావించి రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లో చేశాను.

మొదటి కట్ చూపిస్తే మామ్మ, "మన నూలేట్రా ఇది? పాచి పట్టినట్టుందేటి?" అంది. నిజమే. ట్యూబ్‌లైట్ వెలుతురుకి నూలంతా ఆకుపచ్చ జీర కొట్టింది. రోజూ అదే చూస్తూ నా కళ్లు అలవాటు పడిపోయాయి.

కలర్ పేజీలో పెరేడ్ స్కోప్ తెరిచాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పక్కపక్కనే గ్రాఫుల్లా కనిపిస్తాయి. తెల్లటి వస్తువు దగ్గర మూడూ ఒకే ఎత్తులో ఉండాలి. నూలు దగ్గర ఆకుపచ్చ ఒక్కటే పైకి లేచి ఉంది. వెలుతురు ఎక్కువున్న భాగాల రంగుని మార్చే గెయిన్ చక్రం కింద ఆకుపచ్చ అంకెని కొంచెం కొంచెంగా తగ్గిస్తుంటే, ఏకులోంచి సాగుతున్న దారం నా కళ్లముందే తెల్లబడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పత్తి ఏకడానికి వాడే వాలుగ చేప దవడ షాట్ మాత్రం మూడు రోజులు తిప్పలు పెట్టింది. పత్తి తెల్లబడితే ఎముక కూడా పాలిపోతోంది. ఒక రంగుని మాత్రమే ఎంచుకునే క్వాలిఫయర్‌తో ఎముక రంగుని విడిగా పట్టుకుని, ఇంకో నోడ్‌లో (ఒక్కో మార్పుకి ఒక్కో గడి లాంటిది) దాని పసుపుదనం దానికి తిరిగిచ్చాను. ఏ పని ఏ నోడ్‌లో చేశామో కనిపిస్తుంది కాబట్టి తప్పు ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది. రెడీమేడ్ లట్‌లు (ముందే తయారుచేసిన రంగుల సెట్టింగులు) వేస్తే మామ్మ ముఖం ఇటుక రంగుకి తిరిగింది, తీసేశాను. రంగుల్ని గుండ్రటి గ్రాఫులో చూపించే వెక్టర్‌స్కోప్‌లో స్కిన్ టోన్ గీత ఉంటుంది. చామనఛాయైనా, పచ్చని ఛాయైనా చర్మం రంగు దాదాపు ఆ గీత దగ్గరే పడుతుంది. దాన్నే నమ్ముకోండి.

నా ల్యాప్‌టాప్ ర్యామ్ 8 జీబీయే. ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం వీడియోలకి చేసే తేలికపాటి నకళ్లు) చేసుకున్నాకే టైమ్‌లైన్ కదిలింది. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేట్ (సెకనుకి వచ్చే ఫ్రేముల సంఖ్య) నిలకడగా ఉండదు. అందుకే విడిగా రికార్డ్ చేసిన మాట పోనుపోను పెదవుల నుంచి జారిపోయింది. ఎడిటింగ్ మొదలుపెట్టకముందే హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేట్‌కి మార్చుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్ కింద కెమెరా షటర్ వేగం 1/50 లేదా 1/100 సెకను పెడితే మినుకుమినుకు రాదు. ఈ రెండూ నాకు ముందే తెలిసుంటే వారం రోజులు మిగిలేవి.

ఫ్రీ వెర్షన్‌లో అల్ట్రా హెచ్‌డీ దాకా, సెకనుకి 60 ఫ్రేముల వరకు ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు. వాటర్‌మార్క్ పడదు, డబ్బు కట్టి కొనే స్టూడియో వెర్షన్ ఎఫెక్టులు వాడితే తప్ప. నాయిస్, అంటే తక్కువ వెలుతురులో బొమ్మ మీద కనిపించే గింజల్ని తగ్గించే టూల్ కూడా 295 డాలర్ల స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. దీపం వెలుతురులో తీసిన సీనులో గింజలు అలాగే ఉండిపోయాయి, ఆ సీను సగానికి కోశాను. అయినా స్టూడెంట్ సినిమాకి ఫ్రీ వెర్షన్ చాలు, డబ్బులు లైట్లకి, మంచి మైకుకి పెట్టండి.

రెండోసారి చూపించినప్పుడు మామ్మ నూలు ఊసే ఎత్తలేదు. దారం తెగిన చోట మాత్రం "అది తీసెయ్రా" అంది. దాన్ని ఉంచాను. తెగిన కొసలు రెండూ కలిపి వేళ్లతో నులిమే ఆ నాలుగు సెకన్లే నాకు సినిమా మొత్తంలో ఇష్టం.