సాఫ్ట్‌వేర్‌లను ఒకదానితో ఒకటి కలపాలంటే ఏది మేలు?

ఏ సంస్థా తనకు కావలసిన సాఫ్ట్‌వేర్‌లన్నీ ఒకేసారి కొనదు. ముందు అకౌంట్స్‌కి ఒకటి వస్తుంది, కొన్నేళ్లకు స్టాక్‌కి ఇంకొకటి, ఆ తర్వాత అమ్మకాలకి, జీతాలకి. దేని పని అది బాగానే చేస్తుంది. చిక్కంతా ఒకదానిలో మారిన సంగతి ఇంకోదానికి తెలియాల్సి వచ్చినప్పుడే. కస్టమర్ ఇల్లు మారాడని అమ్మకాల వాళ్లు నమోదు చేసుకుంటారు, అకౌంట్స్‌కి ఆ కబురు అందదు. సరుకు కొత్త ఇంటికి, బిల్లు పాత ఇంటికి వెళ్తాయి.

వీటిని కలపడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. కావలసిన రెండింటినీ నేరుగా జత చేసుకోవడం ఒకటి. ప్రతి సిస్టమ్ తన పనిని సర్వీసుగా, అంటే మిగతావి అడిగి చేయించుకునే వీలుగా, బయటపెట్టే ఎస్‌ఓఏ (సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్) పద్ధతి రెండోది. దీనికి నడుమ సర్వీస్ బస్, అంటే సిస్టమ్‌ల మధ్య సందేశాలు చేరవేసే సాఫ్ట్‌వేర్, పెట్టడం రివాజు. పెద్ద బస్ లేకుండా చిన్న ఏపీఐలు (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని అడిగే ద్వారాలు), ఈవెంట్లతో (‘ఫలానాది జరిగింది’ అని పంపే కబుర్లు) నడపడం మూడోది. మూడింటితోనూ పనిచేశాను. నా మొగ్గు రెండోదాని వైపే, కానీ చాలాచోట్ల దాన్ని అమలు చేసిన తీరు వైపు మాత్రం కాదు.

నేరుగా జత చేయడాన్ని చులకన చేయక్కర్లేదు. ఉన్నవి రెండే సిస్టమ్‌లైతే అంతకన్నా తేలిక దారి లేదు. కాకపోతే అది రెండుతో ఆగదు. నాలుగు సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే 6 జతలు, పది అయితే 45. అన్నీ అన్నిటితో మాట్లాడవు నిజమే, కానీ అందులో సగమున్నా చూసుకునే మనిషికి నిద్ర ఉండదు.

నేను పనిచేసిన ఒక చోట రోజూ రాత్రి అమ్మకాల సిస్టమ్ నుంచి ఒక ఫైల్ బయటికొచ్చేది, దాన్ని అకౌంట్స్ చదువుకునేది. గడికీ గడికీ మధ్య కామా. మొదట్లో అందులో పేరు, ఫోన్ నంబర్, అప్పు పరిమితి మాత్రమే ఉండేవి. తర్వాత పేరు పక్కన చిరునామా చేర్చారు. ఎవరో చిరునామాలో ‘మూడో అంతస్తు, వెనక వైపు’ అని రాశారు. ఆ ఒక్క కామాతో ఆ వరుసంతా పక్కకి జరిగింది. ‘వెనక వైపు’ వెళ్లి ఫోన్ గడిలో పడింది, ఫోన్ నంబర్ వెళ్లి అప్పు పరిమితి గడిలో కూర్చుంది. ఆ కస్టమర్‌కి వందల కోట్ల సరుకు అరువివ్వొచ్చని సిస్టమ్ తెల్లవారేసరికి నమ్మేసింది. ఎర్రర్ ఏదీ రాలేదు. అకౌంట్స్‌లో ఒకావిడ కంటపడింది కాబట్టి సరిపోయింది.

అక్కడ తప్పు కామాది కాదు. ఆ ఫైల్‌లో ఏముండాలో, ఎలా ఉండాలో రెండు వైపులా కూర్చుని ఒప్పుకున్న కాగితం లేదు. ఒకరి డేటాబేస్ టేబుల్‌ని ఇంకొకరు నేరుగా చదువుకునే చోట ఇది ఇంకా ఘోరం. ఎవరెవరు చదువుతున్నారో సొంతదారుకే తెలియదు, అందుకని ఒక్క కాలమ్ పేరు మార్చాలన్నా భయమే.

ఎస్‌ఓఏ ఈ రోగానికే మందు. “కస్టమర్ వివరాలు కావాలంటే నా టేబుల్ ముట్టుకోవద్దు, నన్ను అడుగు. ఈ రూపంలో అడిగితే ఈ రూపంలో చెబుతాను” అని ఒక సిస్టమ్ మిగతావాటికి మాటివ్వడమే సర్వీస్. లోపల డేటాబేస్ మారినా, మొత్తం సాఫ్ట్‌వేరే మారినా ఆ మాట తప్పనంతవరకు బయటివాళ్లకి ఇబ్బంది లేదు. టెక్నాలజీ పరిశోధన సంస్థ గార్ట్‌నర్ విశ్లేషకులు ఎస్‌ఓఏ అన్న ఈ పేరుతో 1996లోనే రాశారు. 1998లో సమాచారాన్ని గుర్తులతో రాసే ఎక్స్‌ఎంఎల్, ఆ తర్వాత దాని మీదే సందేశాలు పంపే సోప్ వచ్చాక ఏ భాషలో రాసిన ప్రోగ్రామ్ అయినా ఇంకోదాన్ని అడగడం తేలికైంది.

ఆ తర్వాత బస్ వచ్చింది. సందేశాన్ని అందుకుని, ఎదుటి సిస్టమ్‌కి అర్థమయ్యే రూపంలోకి మార్చి, సరైన చోటికి చేర్చడం దాని పని. అకౌంట్స్ సర్వర్ గంటసేపు ఆగిపోతే ఆ గంట సందేశాలను క్యూలో దాచి ఉంచుతుంది. ఏపీఐ అన్న మాటే తెలియని పాత సాఫ్ట్‌వేర్‌కి అడాప్టర్ (దాని తరఫున మాట్లాడే చిన్న ప్రోగ్రామ్) తగిలించి సర్వీసులా నిలబెడుతుంది. ఇవి చిన్న మేళ్లు కావు.

మరి ఎక్కడ చెడింది? ‘పెద్ద ఆర్డర్ అయితే మేనేజర్ ఆమోదం కావాలి’ లాంటి వ్యాపార నియమాలు ఒక్కొక్కటే బస్‌లోకి చేరాయి. అవి ఉండాల్సింది ఆర్డర్ల సిస్టమ్‌లో. కొన్నాళ్లకు ఎవరికి ఏ చిన్న మార్పు కావాలన్నా బస్ టీమ్ ముందు క్యూ కట్టాల్సి వచ్చింది. ‘ఎస్‌ఓఏ ఫెయిలైంది’ అనేవాళ్లు చెప్పే కథల్లో చాలావరకు ఇదే. సర్వీస్ అన్న ఆలోచన అక్కడ ఓడలేదు, ఒప్పందాలు రాసుకోకముందే ఖరీదైన బస్ కొనడం ఓడింది.

మూడో దారి దీనికి విరుగుడుగా వచ్చింది. తెలివంతా సర్వీసుల్లో ఉండాలి, నడుమ గొట్టం మాత్రం తీసుకెళ్లి ఇచ్చేదిగానే ఉండాలి. 2014 నుంచి మైక్రోసర్వీసులు, అంటే ఒక్కో పనికి ఒక్కో చిన్న సర్వీస్, అన్న పేరుతో ఇది బాగా పాకింది. సొంతంగా రాసుకునే సాఫ్ట్‌వేర్‌కి, ఒకటికి నాలుగు టీమ్‌లు ఉన్నచోట ఇది చక్కగా కుదురుతుంది. కానీ కొనుక్కొచ్చిన అకౌంట్స్ ప్యాకేజీని మైక్రోసర్వీసులుగా ముక్కలు చేయలేం. దాని భాష దానిదే, తర్జుమా ఎక్కడో ఒకచోట చేయాల్సిందే.

ఇక నేరుగా వెళ్లినా, బస్ మీద వెళ్లినా, ఏపీఐతో వెళ్లినా తప్పని ఒక చిక్కు ఉంది. ఆర్డర్ల సిస్టమ్ ‘ఇన్‌వాయిస్ వేయి’ అని అడిగింది. అకౌంట్స్ వేసింది, కానీ జవాబు దారిలో పోయింది. జవాబు రాలేదని ఆర్డర్ల సిస్టమ్ మళ్లీ అడుగుతుంది, కస్టమర్‌కి రెండు బిల్లులు వెళ్తాయి. అందుకే ప్రతి అభ్యర్థనకీ ఒక నంబర్ ఇవ్వాలి, అదే నంబర్ మళ్లీ వస్తే కొత్త బిల్లు వేయకుండా పాత జవాబే పంపాలి. ఏ ప్రొడక్ట్ కొన్నా ఈ సంగతి ముందే అడగండి.

నా మాట ఇది. రెండు మూడు సిస్టమ్‌లే ఉంటే నేరుగా కలపండి, కాకపోతే టేబుల్ ద్వారా కాకుండా ఏపీఐ ద్వారా. పాతవీ కొన్నవీ కలిసి అరడజను దాటితే సర్వీసుల దారి పట్టండి, నడుమ రూపం మార్చి చేరవేసేంత పలుచని బస్ చాలు. సొంత సాఫ్ట్‌వేర్ ఎక్కువ ఉన్నచోట మాత్రం మూడోది.

సర్వీసుల దారిలో అన్నిటికన్నా కష్టమైన పని కోడ్ కాదు. ‘కస్టమర్’ అంటే ఎవరు? అమ్మకాల వాళ్లకి ధర అడిగిన ప్రతి మనిషీ కస్టమరే. అకౌంట్స్‌కి బిల్లు పడినవాడే కస్టమర్. గోడౌన్ వాళ్లకి సరుకు దింపించుకునేవాడే కస్టమర్. ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒక్క నిర్వచనం మీద సంతకం పెట్టించడానికి మాకు రోజులు పట్టింది. ఒక్క మాటలో కుదరకపోతే ‘కొనేవాడు’, ‘చెల్లించేవాడు’, ‘అందుకునేవాడు’ అని మూడు పేర్లు పెట్టుకోవచ్చు, తప్పేం లేదు.

మొదటి సర్వీసుగా ఆ కస్టమర్ చిరునామానే తీసుకోండి. పాత రాత్రి ఫైల్‌ని వెంటనే తీసేయొద్దు. రెండూ పక్కపక్కన నడవనిచ్చి, రోజూ పొద్దున్నే ఇందులో ఉన్నదీ అందులో ఉన్నదీ సరిచూడండి. నెల రోజులు తేడా రాకపోతే అప్పుడు ఆ ఫైల్ ఆపండి.