అమ్మతో పెనాంగ్ కొండగుడికి

మాది పత్తికొండ. తమ్ముడు పెనాంగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడని దసరా సెలవుల్లో అమ్మను తీసుకుని మలేషియా పోయాను. అక్కడ చూసినవాటిలో నా మనసులో నిలిచిపోయింది ఎయిర్ ఇటామ్ కొండ మీది కెక్ లోక్ సి బౌద్ధాలయం. అమ్మకు 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పెద్దవాళ్లతో పోయేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

మేం మాట్లాడుకున్న కారాయన పైదాకా రాకుండా కింద బజారులోనే దించేశాడు. అక్కడినుంచి అన్నీ మెట్లే, రెండు పక్కలా అంగళ్లు. అమ్మ సగంలోనే కూర్చుండిపోయింది. నాకైతే ఒకటే టెన్షన్. కారు పైదాకా పోవాలని మీరు ముందే గట్టిగా చెప్పుకోండి.

దారిలో తాబేళ్ల కొలను ఉంది. ఆకుకూర కాడ అందిస్తే ఒకదాని వీపుమీద ఒకటి ఎక్కి, ముడతల మెడ చాచి, చటుక్కున లాక్కుంటాయి. కట్ట అయిపోయేదాకా అమ్మ కదల్లేదు.

చైనాలోని ఫూజియన్ నుంచి వచ్చిన బ్యో లీన్ అనే భిక్షువు పూనుకుంటే, వలస వచ్చి వ్యాపారాల్లో స్థిరపడిన చైనావాళ్లు డబ్బిచ్చి 1905 నాటికి కట్టించిన గుడి ఇది. ఏడంతస్తుల పగోడా 1930 నాటిది. అడుగుభాగం చైనా పద్ధతి, నడుము థాయ్, శిఖరం బర్మా. కింద నిలబడి చూస్తే ఎక్కడ ఏది మొదలైందో తేలిగ్గా తెలుస్తుంది.

ఇంకా పైకి ఏటవాలు లిఫ్టు ఉంది, మోకాళ్లకు పని లేదు. పైన 30 మీటర్లు దాటిన కంచు విగ్రహం.

"ఎవరప్పా ఈయమ్మ?" అంది అమ్మ.

"కువాన్ యిన్. మన దేశంలో బౌద్ధులు కొలిచిన అవలోకితేశ్వరుడే చైనాకు పోయి అమ్మవారయ్యాడు. లోకం మొర ఆలకిస్తుందంట."

అమ్మ వెంటనే చెప్పులు విడిచి చేతులు జోడించింది. తల్లిదండ్రుల మాట వినమని అశోకుడు చెక్కించిన ఎర్రగుడి బండ మా ఊరికి దగ్గరే. చిన్నప్పుడు బడినుంచి పోయి చూసిన ఆ బండే నాకు గుర్తొచ్చింది.

కోరికలు అచ్చేసిన రంగు రిబ్బన్లు కొని చెట్టుకు కట్టొచ్చు. చదువు, వ్యాపారం, ఆరోగ్యం, ఏవి చదివి చెప్పినా అమ్మకు నచ్చలేదు. ఒకదాని వెనక తెలుగులో రాయించుకుంది: "పత్తికొండలో వాన పడాల." చేయి అందినంత ఎత్తులో తనే కట్టింది.