గోళ్ల గ్రైండర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మాది విజయవాడ సత్యనారాయణపురం. ఇంట్లో ఒక నాటు కుక్క, ఒక పిల్లి, పెరట్లో అత్తయ్య పెంచే పుంజు. అన్నింటి గోళ్లూ చూసుకునేది నేనే. గోళ్లు కత్తిరించే క్లిప్పర్, అరగదీసే ఛార్జింగ్ గ్రైండర్ రెండూ కొని ఏళ్లయింది. ఒకటే కొనాలంటే గ్రైండర్ కొనండి. పిల్లి మాత్రమే ఉంటే అదీ వద్దు: వేలి మెత్త కింద నుంచి నొక్కితే గోరు బయటికొస్తుంది, పదునైన నెయిల్ కట్టర్‌తో కొన తీసేస్తే సరిపోతుంది.

క్లిప్పర్‌కి, గోరు లోతుగా తెగకుండా అడ్డంగా ఒక రేకు ఉంటుంది. దాన్ని నమ్ముకోవద్దు. గోరు లోపల రక్తనాళం, నరం ఎక్కడిదాకా వచ్చాయో ఆ రేకుకేం తెలుసు? తెల్ల గోళ్లయితే లోపలి గులాబి రంగు పైకి కనిపిస్తుంది, దానికి ముందే ఆగొచ్చు. మా కుక్కవి కటిక నల్ల గోళ్లు. వాటిని కొంచెం కొంచెంగా తీస్తూ, ప్రతిసారీ తెగిన చోటు చూసుకోవాలి. మొదట పొడిగా, సున్నం పట్టినట్టు తెల్లగా ఉంటుంది. మధ్యలో చిన్న నల్ల చుక్క తేలిందంటే ఇక చాలు. ఆ తర్వాత వచ్చేది రక్తమే. వస్తే రక్తం ఆపే స్టిప్టిక్ పౌడర్ అద్ది నొక్కి పట్టుకోవాలి, లేకపోతే కార్న్‌ఫ్లోర్ అయినా పర్లేదు.

గ్రైండర్‌తో ఈ టెన్షన్ బాగా తగ్గింది. రవ్వంత రవ్వంతగా అరుగుతుంది కాబట్టి చుక్క కనిపించగానే ఆపేయొచ్చు. కాకపోతే ఒకేచోట రెండు మూడు సెకన్లకు మించి ఆనించకూడదు, గోరు వేడెక్కుతుంది. మోతకి కుక్క బెదురుతుంది. ముందు కొన్నాళ్లు ఆన్ చేయకుండా పాదానికి తాకిస్తూ, ఉడికించిన చికెన్ ముక్కలు పెట్టి అలవాటు చేశాం. పొడి ఎగురుతుంది, వెంట్రుకలు కాలిన వాసన కూడా. వరండాలో కూర్చుని చేయడం మేలు.

ఎండాకాలంలో దీని పని ఎక్కువ. తారు రోడ్డు కాలుతుందని మావాణ్ణి వాకింగ్‌కి తక్కువ తిప్పుతాం, గోళ్లు వాటంతట అవి అరగవు. టైల్స్ మీద టకటకమని చప్పుడు మొదలైందంటే గ్రైండర్ ఛార్జింగ్‌కి పెడతాను. ముందు కాళ్ల లోపలివైపు, పైన ఉండే గోరు మర్చిపోవద్దు. అది నేలకి తగలదు, వదిలేస్తే మెలి తిరిగి చర్మంలో దిగుతుంది.

పుంజుకి కాలి వెనక ముల్లు పెరిగితే పెట్టల వీపులు చీరుకుపోతాయి. ముల్లు లోపల ఉన్నది బతికున్న ఎముక, పైన ఉండేది కొమ్ములాంటి తొడుగు. అందుకే మొత్తం నరకకూడదు, కొన మాత్రం మొండి చేయాలి. చీకటి పడ్డాక పుంజు నెమ్మదిగా ఉంటుంది. అత్తయ్య తువ్వాల్లో చుట్టి పట్టుకుంటే నేను అరగదీస్తాను. సంక్రాంతికి కత్తులు కట్టే ఊళ్ల మధ్య మేం ఉన్న ముల్లునే అరగదీస్తున్నామని పక్కింటివాళ్లకి నవ్వులాట. అత్తయ్య మాత్రం, "పందేనికి పంపుతామా ఏంటి, పెట్టలు బాగుంటే చాలు" అంటుంది.

గ్రైండర్‌కి ఉండే గరుకు కాగితం చుట్టిన రోలర్ అరిగిపోతుంది, కొనేటప్పుడే విడిగా దొరుకుతుందో లేదో చూసుకోండి. బ్యాటరీ ఇప్పుడు ముందు కాళ్లతోనే దిగిపోతోంది, వెనక కాళ్లు మర్నాటికి వాయిదా. అయిదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటీ బ్యాటరీకే కోత.