హేవ్‌లాక్ రాత్రి డైవ్‌కి రెండు లైట్లు

రెండేళ్ల కిందట అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో నా మొదటి రాత్రి స్కూబా డైవ్. పదకొండు మీటర్ల లోతులో ఉండగా చేతిలోని టార్చ్ రెండుసార్లు మిణుక్కుమని ఆరిపోయింది. అది అద్దె లైటు. రెండో లైటు డైవ్ సెంటర్ వాళ్లు ఇవ్వలేదు, అడగాలని నాకూ తెలియదు. బడ్డీ, అంటే జోడీగా దిగిన డైవర్ చెయ్యి పట్టుకుని, అతని వెలుగులోనే నెమ్మదిగా పైకి వచ్చాను. పడవలో టార్చ్ విప్పితే లోపల రెండు చెంచాల ఉప్పునీళ్లు, నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు వలయం, ఓ-రింగ్ మీద ఒక్క ఇసుక రేణువు. అంత చిన్న రేణువు అంత చీకటి తెస్తుందని ఆ రాత్రే తెలిసింది. ఆ భయం చాలా రోజులు వదల్లేదు. అందుకే ఈ జనవరిలో మళ్లీ వెళ్లేటప్పుడు బీచ్‌లు, హోటళ్ల కంటే ముందు లైట్ల సంగతే చూసుకున్నాను. బస, డైవ్ సెంటర్ కూడా ఆ లెక్కనే ఎంచుకున్నాను.

ఈసారి మా బావమరిది కూడా వచ్చాడు. బయలుదేరే ముందే వాడు ఆన్‌లైన్‌లో పెద్ద వీడియో లైటు కొన్నాడు. అయిదు వేల ల్యూమెన్లు, వెలుగు పరుచుకునే వెడల్పు, అంటే బీమ్, 120 డిగ్రీలు. నాది వెయ్యి ల్యూమెన్లు, పది డిగ్రీలు. "బావా, నీదాని కంటే నాది అయిదు రెట్లు" అన్నాడు. పెట్టె మీద రాసింది చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ల్యూమెన్ అంటే లైటు నుంచి బయటికొచ్చే మొత్తం వెలుగు. అది ఎంత మేర పరుచుకుంటుందన్నది వేరే లెక్క. బీమ్ అంతా సమానంగా పరుచుకుందనుకుని లెక్క వేస్తే, నా సన్న లైటు ముందుకు కొట్టే తీవ్రత వాడి లైటు కంటే దాదాపు పాతిక రెట్లు ఎక్కువ. ఫొటోలకు, వీడియోకు వెడల్పు బీమ్ కావాలి. దారి చూసుకోవడానికి, రాతి సందుల్లోకి తొంగి చూడటానికి, బడ్డీకి సైగ చేయడానికి సన్న బీమే కావాలి.

హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా విమానం ఉంది. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు, మాటల్లో ఇంకా పాత పేరే వినిపిస్తుంది. 2018లో స్వరాజ్ ద్వీప్ అయిన హేవ్‌లాక్ సంగతీ అంతే. విమానంలో విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. డైవ్ లైటు గాలిలో వెలిగితే బాగా వేడెక్కుతుంది, దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉండే నీళ్లే. బ్యాగులో పొరపాటున వెలిగితే ప్రమాదం. అందుకే లైట్ల నుంచి బ్యాటరీలు తీసి, ఒక్కోదాన్ని విడిగా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. సెక్యూరిటీ దగ్గర తెరిచి చూపించమన్నారు, చూసి వెంటనే పంపేశారు. ముందే ఎయిర్‌లైన్స్‌కు ఫోన్ చేసి అడిగి ఉండటం వల్ల నాకు టెన్షన్ లేదు.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి ఉన్నాం. జంగ్లీఘాట్ వైపు నడిస్తే చెవిన తెలుగు పడుతుంది. చేపల మార్కెట్ దగ్గర ఒకాయన మా మాట విని "ఏ ఊరన్నా మీది?" అని పలకరించాడు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ వేటలో స్థిరపడ్డాడట. రాత్రి సముద్రంలోకి దిగుతామని చెబితే, మాటల మధ్యలో ఆయన అడిగింది ఒక్కటే. "లైట్లు రెండు పట్టుకెళ్తున్నారా?" వేటకెళ్లే మనిషి ముందు అడిగేది అదే మరి.

మర్నాడు ప్రైవేటు ఫెర్రీలో గంటన్నరకు పైగా ప్రయాణం. ప్రభుత్వ పడవ చవక, కానీ టైము ఎక్కువ, టికెట్ దొరకడం కష్టం. సామాను జాగ్రత్తగా చేరాలి కాబట్టి నేను ప్రైవేటుదే ఎక్కాను.

మొదటి రెండు రాత్రులు జెట్టీ దగ్గర గోవింద్‌నగర్‌లో ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. గది శుభ్రం, అద్దె తక్కువ, బజారు పక్కనే. కానీ రాత్రి కరెంటు పోయింది, వాళ్ల జనరేటర్ ఫ్యానుకూ బల్బుకూ మాత్రమే. ఛార్జర్‌లో పెట్టిన నాలుగు బ్యాటరీల్లో తెల్లారేసరికి నిండినవి రెండే. తడి సామాను కడగడానికి బాత్రూమ్‌లోని బకెట్టే గతి. డైవ్ చేయని వాళ్లకు ఆ చోటు బాగానే సరిపోతుంది, నేను మాత్రం మూడో రోజు ఖాళీ చేశాను. తర్వాత విజయనగర్ వైపు, అయిదో నంబరు బీచ్ దగ్గర చెక్క కాటేజీలకు మారాం. అద్దె దాదాపు రెట్టింపు. అయినా ప్లగ్ పాయింట్లకు కూడా బ్యాకప్ కరెంటు ఉంది, బయట మంచినీళ్ల తొట్టి, ఆరేసుకోవడానికి నీడలో దండెం ఉన్నాయి. డైవ్ కోసం వెళ్లేవాళ్లు గది నుంచి సముద్రం కనిపిస్తుందా అని అడిగే ముందు ఈ మూడూ ఉన్నాయా అని అడగండి.

డైవ్ సెంటర్ ఖాయం చేసుకునే ముందు మూడు చోట్లకు వెళ్లి, మూడింటిలోనూ ఒకే మాట అడిగాను. "మీ టార్చ్‌లు ఒకసారి చూడొచ్చా?" ఒక చోట అన్నీ ఒకే డబ్బాలో కలగాపులగంగా ఉన్నాయి. ఏది ఛార్జ్ అయిందో, ఏది కాలేదో చూపించిన అబ్బాయికే తెలియలేదు. రెండో చోట లైట్లు కొత్తవే, కానీ రెండో లైటుకు విడిగా అద్దె కట్టాలన్నారు. మూడో చోట గోడకు బల్ల వేసి, నిండిన బ్యాటరీలు ఒక ట్రేలో, వాడినవి మరో ట్రేలో పెట్టారు. పక్కనే సిలికాన్ గ్రీజు, కొత్త ఓ-రింగ్‌లు. ప్రతి డైవర్‌కూ ఒక ప్రధాన లైటు, ఒక బ్యాకప్, ట్యాంకుకు కట్టే చిన్న మార్కర్ లైటు, మూడూ డైవ్ రుసుములోనే. అక్కడికక్కడే డబ్బు కట్టేశాను.

పగటి డైవ్‌లకు లైటు దేనికని మా బావమరిది అడిగాడు. జెట్టీకి దగ్గర్లోనే ద వాల్ అనే చోటు ఉంది. నీళ్ల కింద పది మీటర్ల దగ్గర మొదలై లోతుకు జారే రాతి గోడ. నీళ్లు ముందు ఎరుపునే మింగేస్తాయి. కొన్ని మీటర్లు దిగేసరికి ఎరుపు, తర్వాత నారింజ, పసుపు ఒక్కొక్కటే పోయి అంతా నీలం, బూడిద రంగు అయిపోతుంది. పదిహేను మీటర్ల దగ్గర బూడిద రంగు పొదలా కనిపించిన మెత్తటి పగడం మీద లైటు వేశాను. కుంకుమ ఒలికినట్టు ఎర్రగా వెలిగింది. వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత డైవంతా నా లైటు నాకు తిరిగి ఇవ్వలేదు.

రాత్రి డైవ్ లైట్‌హౌస్ అనే చోట. అండమాన్‌లో జనవరిలో అయిదున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు. అంటే డైవ్ ముగించి ఏడున్నరకు భోజనం చేయొచ్చు. పడవలోనే డైవ్ మాస్టర్ లైటు సైగలు నేర్పించింది. గుండ్రంగా తిప్పితే బాగున్నానని, అటూ ఇటూ నెమ్మదిగా ఊపితే నావైపు చూడమని, గబగబా ఊపితే ఆపదలో ఉన్నానని. ఎవరి కళ్లలోనూ కొట్టకూడదు.

ఆ రాత్రి నీళ్లలో నలుసులు చాలా ఉన్నాయి. మా బావమరిది వీడియో లైటు పూర్తిగా వెలిగించగానే ఎదురుగా తెల్లగోడ లేచింది. లంబసింగి మంచులో కారు హై బీమ్ వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. వెడల్పు వెలుగు దారిలోని ప్రతి నలుసుకూ తగిలి కళ్లలోకే తిరిగొస్తుంది. వాడు దాన్ని తగ్గించి, బ్యాకప్‌గా ఇచ్చిన చిన్న సన్న లైటు తీశాడు. అప్పుడు కనిపించాయి అన్నీ. రాతి సందులో తన చుట్టూ జిగురు సంచి అల్లుకుని నిద్రపోతున్న చిలుక చేప. వెలుగు తగలగానే ఎర్ర నిప్పుకణాల్లా మెరిసే రొయ్యల కళ్లు. పగలు ముడుచుకుని రాత్రి విచ్చుకున్న పగడాలు. ఒక లయన్ ఫిష్ మా వెనకే వచ్చింది, మా వెలుగులో కనబడే చిన్న చేపల కోసం. దానికి వేట మనం చూపిస్తున్నామని తెలిశాక లైటు పక్కకు తిప్పేశాను. నిద్రపోతున్న చేప మీద కూడా ఒక్క క్షణం మించి వెలుగు నిలపకండి. కొన్ని లైట్లకు ఎర్ర వెలుగు ఉంటుంది, రొయ్యలు పీతల దగ్గర అదే మేలు.

చివర్లో అందరం ఇసుక మీద మోకాళ్లపై కూర్చుని లైట్లు గుండెకు ఆనించి మూసేశాం. చేతులు కదిపితే నీళ్లలో మెరిసే సూక్ష్మజీవులు వేళ్ల మధ్య నుంచి నీలి మిణుగురుల్లా రాలాయి. రెండేళ్ల కిందట అదే చీకటికి వణికిన నేను, ఈసారి ఇంకాసేపు ఉందామన్నట్టు చెయ్యి చూపించాను. నడుముకు కట్టిన రెండో లైటు చేతికి తగులుతూనే ఉంది, ఆ ధైర్యం దానిదే.

లైటు కొనేవాళ్లు స్విచ్ ఎలాంటిదో తప్పకుండా చూడండి. లైటు తల భాగం తిప్పి వెలిగించేవి చవక, కానీ ఆర్పడానికి వదులు చేసే పనిలో నీళ్ల కింద ఇంకాస్త ఎక్కువ తిప్పితే నీళ్లు లోపలికి వస్తాయి. అయస్కాంతంతో పనిచేసే జారుడు స్విచ్‌కు లోపలికి రంధ్రమే ఉండదు, నేను తీసుకున్నది అదే. నీళ్లు తట్టుకుంటుందని చెప్పే ఐపీఎక్స్8 గుర్తు ఉంటే చాలదు, ఎన్ని మీటర్లకో కంపెనీ రాసి ఉండాలి. పెట్టె మీద రెండు గంటలు వెలుగుతుందని ఉంటే, చాలా కంపెనీలు పాటించే ఎఫ్ఎల్1 ప్రమాణంలో అది వెలుగు మొదటి దానిలో పదో వంతుకు పడిపోయే దాకా లెక్క. డైవ్‌కు కావలసిన పూర్తి వెలుగు అంతకంటే చాలా ముందే తగ్గిపోవచ్చు.

వరుసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు కాబట్టి చివరి రోజు నీళ్లలోకి దిగలేదు. లైట్లను మూత తీయకుండా మంచినీళ్లలో నానబెట్టి, ఆరాక విప్పి, ఓ-రింగ్‌లు తీసి, వేలితో తడిమి చూసి, గ్రీజు పల్చగా పూశాను. మా బావమరిది పక్కన కూర్చుని ఫోన్‌లో ఏదో వెతుకుతున్నాడు.

"బావా, వెయ్యి ల్యూమెన్లు సరిపోతాయా?"

"సరిపోతాయి. బీమ్ ఎన్ని డిగ్రీలో చూడు."

"పది."

"అయితే రెండు ఆర్డర్ పెట్టు."