ప్లేటింగ్ రీసెర్చ్ బయటి ల్యాబ్‌కు ఇస్తున్నారా? బీకర్ ఫలితాలు చూసి డబ్బు కట్టకండి

మీ దగ్గర ఎలక్ట్రోకెమిస్ట్ లేరు, కస్టమర్ కొత్త కోటింగ్ అడిగారు, కరెంట్‌తో ఆ పూత వేసే ప్రాసెస్ (ప్లేటింగ్) తయారుచేసే పని బయటి ల్యాబ్‌కు అప్పగించాలనుకుంటున్నారు. మీ పరిస్థితి ఇదే అయితే సంతకం పెట్టే ముందు దయచేసి ఇది చదవండి. మేము తొమ్మిది నెలల సమయం, ఒక మంచి ఆర్డర్ పోగొట్టుకున్నాం. ల్యాబ్ పేరు రాయడం లేదు, వివాదం ఇంకా తేలలేదు. పేరు కన్నా, ఎక్కడెక్కడ దెబ్బ తిన్నామో చెబితేనే మీకు పనికొస్తుంది.

మేము స్ప్రింగ్ స్టీల్ క్లిప్పులు తయారుచేస్తాం. మామూలు జింక్ బదులు జింక్-నికెల్ పూత కావాలని కస్టమర్ అడిగారు. పూతలో నికెల్ 12 నుంచి 15 శాతం ఉంటే అది మామూలు జింక్ కంటే చాలా ఎక్కువ కాలం తుప్పును ఆపుతుంది. సైనైడ్ అవసరం లేని ఆల్కలైన్ బాత్ (పార్టులను ముంచి పూత వేసే క్షార ద్రావణం) తయారుచేసి ఇస్తామని ల్యాబ్ ఒప్పుకుంది. ఆరు నెలలకు రిపోర్ట్ వచ్చింది. ఫొటోలు మెరిసిపోతున్నాయి. 5 శాతం ఉప్పునీటితో 35 డిగ్రీల దగ్గర చేసే సాల్ట్ స్ప్రే టెస్ట్ పాసైంది. కరెంట్ ఎఫిషియెన్సీ, అంటే ఇచ్చిన కరెంట్‌లో పూతకు పనికొచ్చే వాటా, 80 శాతం పైనే అన్నారు. మిగతా ఫీజు కట్టేశాం. అది మా మొదటి తప్పు.

మా ట్యాంక్‌లో మొదటి రెండు వారాలు అంతా బాగానే నడిచింది. తర్వాత అదే కరెంట్, అదే సమయం పెట్టినా పూత మందం రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. లెక్క సులభమే: ఇచ్చిన కరెంట్ మొత్తం జింక్‌కే వెళ్తే ఒక ఆంపియర్-అవర్‌కు 1.22 గ్రాముల జింక్ పడాలి. పడనిదంతా హైడ్రోజన్ తయారుచేయడానికి ఖర్చవుతుంది. మేము పార్టులను తూకం వేసి చూస్తే ఎఫిషియెన్సీ సగానికి పడిపోయింది. ల్యాబ్‌కు ఫోన్ చేస్తే మా ఆపరేటర్ల మీదకు నెట్టారు. పాపం, ఆ కుర్రాళ్లు రెండు వారాలు టెన్షన్‌తో నిద్ర లేకుండా టైట్రేషన్లు (బాత్‌లో ఏది ఎంత ఉందో కొలిచే పరీక్షలు) చేశారు.

అసలు కారణం బాత్ వయసు. ఈ బాత్‌లో నికెల్‌ను కరిగి ఉండేలా పట్టి ఉంచేవి అమీన్లు అనే రసాయనాలు. బాత్‌లో నేరుగా వేలాడదీసిన నికెల్ యానోడ్ (కరెంట్ పాజిటివ్ వైపు) దగ్గర ఆ అమీన్లు కొద్దికొద్దిగా విరిగిపోతాయి. దాంతో కార్బొనేట్ పేరుకుంటుంది, ఎఫిషియెన్సీ పడిపోతుంది. కొంత సైనైడ్ కూడా పుడుతుంది. అవును, సైనైడ్ లేదని కొన్న బాత్‌లోనే! యానోడ్‌ను మెంబ్రేన్‌తో, అంటే ఒక పలుచని పొరతో, వేరు చేస్తే ఈ సమస్య చాలావరకు ఆగుతుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. మా రిపోర్ట్‌లో మెంబ్రేన్ అనే మాటే లేదు.

ఈటీపీ (వ్యర్థజలాలను శుద్ధి చేసే ప్లాంట్) నీటి టెస్ట్‌లో సైనైడ్ ఉందని రిజల్ట్ వచ్చిన రోజు నాకు నిజంగా భయమేసింది. స్టీల్‌కు తుప్పు వదిలించే పికిలింగ్ యాసిడ్ నీళ్లు, ఈ బాత్‌లోంచి తీసిన పార్టులను కడిగిన నీళ్లు అప్పటిదాకా ఒకే కాలువలో కలుస్తున్నాయి. సైనైడ్‌కు యాసిడ్ తగిలితే వచ్చేది ప్రాణాలు తీసే గ్యాస్. వెంటనే లైన్ ఆపి కాలువలు వేరు చేశాం. నికెల్‌ది ఇంకో సమస్య. అమీన్లు దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి, మామూలుగా సున్నం వేసి నీళ్ల అడుగుకు దింపుదామంటే దిగలేదు.

అంతలో కస్టమర్ దగ్గర బిగించిన క్లిప్పులు మర్నాటికి విరగడం మొదలైంది. ఇది ప్లేటింగ్‌లో పుట్టిన హైడ్రోజన్ స్టీల్‌లోకి దూరడం వల్ల వచ్చే పెళుసుదనం. గట్టి స్టీల్‌కు ప్లేటింగ్ చేస్తే నాలుగు గంటల లోపే 190 నుంచి 220 డిగ్రీల దగ్గర గంటల తరబడి బేకింగ్ చేసి ఆ హైడ్రోజన్‌ను వదిలించడం ఈ రంగంలో అందరికీ తెలిసిన పద్ధతి. ల్యాబ్‌వాళ్లు పరీక్షించింది మెత్తటి స్టీల్ రేకుల మీద, అందుకే వాళ్లకు ఏదీ విరగలేదు. మా క్లిప్పు వాళ్ల ట్యాంక్‌లో ఒక్కసారి కూడా మునగలేదు.

గొడవపడి, లాయర్‌తో నోటీసు పంపాక ల్యాబ్ లాగ్ షీట్లు చేతికొచ్చాయి. ఒక లీటరు బీకర్. కొన్ని టెస్టులు కాగానే ద్రావణం పారబోసి కొత్తది కలిపారు. అంటే ఆ బాత్ ఎప్పుడూ ముసలిది కాలేదు. రిపోర్ట్‌లో రాసిన అంకెల్లో అబద్ధం లేదు, కానీ అవి మా ట్యాంక్‌కు సంబంధించినవి కావు. అగ్రిమెంట్ తీసి చూస్తే వాళ్లు ఇవ్వాల్సింది "తుది నివేదిక" అని మాత్రమే ఉంది. పనిచేసే ప్రాసెస్ అని ఎక్కడా లేదు. పైగా పూతకు మెరుపునిచ్చే ముఖ్యమైన బ్రైటెనర్ ఫార్ములా వాళ్ల దగ్గరే ఉంది, దాన్ని వాళ్ల దగ్గరే కొనాలి. ఆరు నెలల పరిశోధనకు డబ్బు కట్టింది మేము, ఫార్ములా మాత్రం మా చేతికి రాలేదు.

బయటి ల్యాబ్‌లన్నీ ఇలాగే ఉంటాయని నేను అనడం లేదు. ఇప్పుడు వేరే బృందంతో పనిచేస్తున్నాం, వాళ్లు మొదటి మీటింగ్‌లోనే మా ఈటీపీ ఎలా పనిచేస్తుందని అడిగారు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది. ఈసారి ఫీజును మూడు భాగాలు చేశాం. పెద్ద భాగం కట్టేది, మా ట్యాంక్‌లో, మా పార్టుల మీద, లీటరుకు ఇన్ని ఆంపియర్-అవర్లు నడిచి బాత్ పాతబడ్డాక కూడా మందం, నికెల్ శాతం నిలిచి ఉంటేనే. ఆ అంకె అగ్రిమెంట్‌లో రాసి ఉంది. మీరు ఒక్క షరతే పెట్టగలిగితే ఇది పెట్టండి. పెళుసుదనానికి, గాటు పెట్టిన నమూనాలను వాటి బలంలో 75 శాతం లోడ్ కింద 200 గంటలు ఉంచే టెస్ట్ రాయించాం. లాగ్ షీట్లు ప్రతి వారం మాకు రావాలి. ఫార్ములా మాది, లేదంటే కనీసం మూడో వ్యక్తి దగ్గర సీల్ చేసి ఉంచాలి.

హల్ సెల్ (బాత్‌ను పరీక్షించే చిన్న పాత్ర) ప్యానెల్, అంటే అందులో పూత వేసిన రేకు, చూపించి అంతా అయిపోయిందంటే నమ్మకండి. 267 మిల్లీలీటర్ల ఆ చిన్న పాత్ర బాత్ ఈరోజు ఎలా ఉందో చూపిస్తుంది, ఆరు నెలల తర్వాత ఎలా ఉంటుందో చూపించదు.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టేసినవాళ్లు ఉంటే, ఈరోజే ల్యాబ్‌కు మెయిల్ పెట్టి రెండు విషయాలు అడగండి: ఇప్పుడు టెస్టులు చేస్తున్న ద్రావణం ఎప్పుడు కలిపింది, అది లీటరుకు ఎన్ని ఆంపియర్-అవర్లు నడిచింది. జవాబు అంకెల్లో రాకపోతే తర్వాతి వాయిదా ఆపండి. మా కొత్త అగ్రిమెంట్‌లోని షరతులు ఎవరికైనా కావాలంటే కామెంట్‌లో అడగండి, పంపిస్తాను.