ఉద్యం రిజిస్ట్రేషన్: ఐదేళ్లు వాడాక నా సమీక్ష

విజయవాడ ఆటోనగర్‌లో మాది అట్టపెట్టెల యూనిట్. పనివాళ్లు తొమ్మిదిమంది. ఎండాకాలం నూజివీడు మామిడి పెట్టెలు, మిగతా ఏడాదంతా మందుల కంపెనీలకు, పచ్చళ్లవాళ్లకు బాక్సులు. చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పాత నమోదు ఉద్యోగ్ ఆధార్ మాకు ముందే ఉంది. 2020 జూలై 1 నుంచి దాని స్థానంలో ఉద్యం రావడంతో ఆ సెప్టెంబరులో మళ్లీ నమోదు చేసుకున్నాను.

మొదటి అడుగే తప్పటడుగు. వెతగ్గానే పైన కనిపించిన సైటు ప్రభుత్వానిదే అనుకుని 2,800 రూపాయలు కట్టాను. నిజానికి దీనికి పైసా ఫీజు లేదు, రెన్యువలూ లేదు. చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి, చాలు.

అసలు పోర్టల్‌లో పని తేలికే. ఆధార్, పాన్, జీఎస్టీ పరిధిలోకి వచ్చేవాళ్లకు ఆ నంబరు. కాగితాలేవీ అప్‌లోడ్ చేయనక్కర్లేదు. యంత్రాల మీద పెట్టుబడి, టర్నోవరు లెక్కల్ని ఐటీ, జీఎస్టీ రిటర్నుల నుంచి అదే లాక్కుంటుంది. నాకు టెన్షన్ పెట్టింది ఓటీపీ ఒక్కటే. ఆధార్‌కు లింకైన సిమ్ ఎప్పుడో పారేశాను మరి. ఇంకో మాట, ఉద్యం నంబరు వచ్చినంత మాత్రాన మన షాపు ప్రైవేట్ లిమిటెడ్ అయిపోదు. ఆ నమోదు కంపెనీల చట్టం కింద వేరు.

మూడేళ్లపాటు ఆ సర్టిఫికెట్ వేంకటేశ్వరస్వామి పటం పక్కన ఫ్రేములో ఉంది. ఓవర్‌డ్రాఫ్ట్ (ఓడీ) రెన్యువల్‌కు బ్యాంకువాళ్లు అడిగారు, ఒక ప్రభుత్వ టెండరులో ధరావతు కట్టే పని తప్పింది. అంతకుమించి దాని అవసరం పడలేదు.

దాని విలువ తెలిసింది 2024 మార్చిలో. ఎప్పుడు ఫోన్ చేసినా "సార్ ఊళ్లో లేరండీ" అనే ఒక కస్టమర్ అకౌంటెంటు తనే ఫోన్ చేశాడు. "అన్నా, మీ ఉద్యం సర్టిఫికెట్ వాట్సాప్‌లో పెట్టవా?" అన్నాడు. వాళ్ల ఆడిటర్ అడిగాడట. సంగతేమిటంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకుంటే ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. అప్పుడు బ్యాంక్ రేటు 6.75 శాతం. అంటే 20.25! అయినా ఆ చట్టానికి ఎవరూ భయపడలేదు. గడువు దాటిన బకాయిని కట్టిన ఏడాదే ఖర్చుగా చూపించుకోవాలని, అంతవరకు దాని మీద పన్ను తగ్గదని ఆదాయపు పన్ను చట్టంలో నిబంధన పెట్టి, ఆ ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచే వర్తింపజేశాక కదిలారు. ఏడు నెలల బాకీ మార్చి 31లోపు జమైంది. అప్పటి నుంచి ప్రతి బిల్లు మీదా ఉద్యం నంబరు అచ్చేయిస్తున్నాను. కొత్తగా పెట్టేవాళ్లు మొదటి సరుకు పంపకముందే నమోదు చేసుకోండి. బాకీ పడ్డాక చేసుకుంటే పాత బిల్లుల దగ్గర పేచీ వస్తుంది.

దీనికి రెండో వైపూ ఉంది. ఇంకో కస్టమర్ "రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గరే కొంటాం" అని మొహం మీదే చెప్పి ఆర్డరు తీసేశాడు. మా బావమరిదిది స్టేషనరీ హోల్‌సేల్. 2021 జూలై నుంచి వ్యాపారులనూ ఉద్యంలోకి తీసుకున్నారు కదా అని ఎగిరి గంతేశాడు. వాళ్లకు దక్కేది ప్రాధాన్యరంగ రుణాల (బ్యాంకులు కొన్ని రంగాలకు తప్పక ఇవ్వాల్సిన అప్పుల) వరకే, ఈ 45 రోజుల రక్షణ లేదు. చెబితే ఇప్పటికీ నమ్మడు.

2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ సంస్థ పరిమితిని పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవరు 10 కోట్లకు పెంచారు. మాలాంటివాళ్లు ఇప్పట్లో దాటేది కాదు.

డబ్బు ఎగ్గొట్టేవాళ్ల మీద ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు, అది ఇలాంటి బాకీ తగాదాలు తేల్చే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. ఒక పార్టీ మీద వివరాలన్నీ నింపి కూడా సబ్మిట్ నొక్కలేదు. వచ్చే మామిడి సీజన్‌లో పెద్ద ఆర్డరు వాళ్లదే.