‘అసలు చిత్రం’ అని కొంటే అతుకుల చిత్రం వచ్చింది: పాత హారర్ డిస్కులు కొనేవారికి జాగ్రత్త

పాత హారర్ చిత్రాల డిస్కులు కొని దాచుకునేవారికి, ముఖ్యంగా వాటిలోని రాజకీయ, మతపరమైన సందేశాల గురించి నలుగురితో కలిసి చూసి మాట్లాడుకోవాలని కొనేవారికి ఈ హెచ్చరిక. జార్జ్ రొమేరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ పేరుతో అమ్ముడవుతున్న డిస్కులన్నిటిలోనూ ఉన్నది ఆ చిత్రం కాదు. ‘1968 నాటి అసలు చిత్రం, పూర్తి నిడివి’ అన్న వివరణ చదివి నేను కొన్న డిస్కులో, సినిమా విడుదలైన ముప్పై ఏళ్ళ తర్వాత రొమేరో ప్రమేయం లేకుండా చిత్రీకరించి అతికించిన దృశ్యాలున్నాయి, కొత్తగా కట్టిన నేపథ్య సంగీతం ఉంది, అన్నిటికీ మించి మూలంలో లేని ఒక మతబోధకుడి పాత్ర ఉంది. అమ్మినవారు తమ వివరణలో ఈ సంగతి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

తప్పులో నా వాటా కూడా ఉంది. డిస్కు రాగానే ఒకసారి పెట్టి చూసుకోవలసింది. చూసుకోకుండానే ఆరుగురు మిత్రులను పిలిచాను. వారిలో నలుగురు ఈ సినిమా చూడటం అదే మొదటిసారి. అసలు చిత్రం ఒక నిర్మానుష్యమైన మెలికల దారితో మొదలవుతుంది. దూరం నుంచి ఒక కారు నెమ్మదిగా వస్తుంది, సమాధుల తోటలోకి తిరుగుతుంది. నా డిస్కులో ముందుగా ఒక శవపేటిక వచ్చింది, దాని చుట్టూ పనివాళ్ళు, వెంట ఒక పాస్టరు. ఇదేదో వేరే సినిమా ప్రచార చిత్రం కాబోలు, అయిపోయాక మనది మొదలవుతుందిలే అనుకుని ఊరుకున్నాను. అది అయిపోలేదు. పైగా మూలంలో సమాధుల తోటలో తిరిగే మొదటి శవంగా నటించిన నటుడినే ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ పిలిపించి ఈ కొత్త దృశ్యాల్లో పెట్టారు. దాంతో శవపేటికలోంచి లేచిన మనిషి ముసలివాడు, కొద్ది నిమిషాలకు అదే మనిషి కుర్రవాడు. చచ్చాక వయసు తగ్గడం ఆ చిత్రంలో నాకు కనిపించిన ఒకే ఒక కొత్త భయానక అంశం.

ఇంతవరకే అయితే నవ్వి వదిలేసేవాడిని. అసలు నష్టం ముగింపులో జరిగింది. ఈ సినిమాను ఇన్నేళ్ళుగా జనం తలుచుకునేది దాని ముగింపు వల్లనే కనుక, చూడనివారు కాస్త ఓర్చుకుంటే దాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. శవాలు లేచి మనుషుల మీద పడుతున్న వేళ, బెన్ అనే నల్లజాతి యువకుడు ఒక ఇంట్లో తనతోపాటు చిక్కుకున్నవారిని రాత్రంతా కాపాడాలని చూసి, చివరికి ఒక్కడే నేలమాళిగలో బతికి ఉంటాడు. తెల్లవారుతుంది. షెరీఫ్ వెంట తుపాకులు పట్టుకుని వచ్చిన గుంపు అతణ్ణి కిటికీలోంచి చూసి, నడిచే శవమనుకుని, నుదుటి మీద గురిపెట్టి కాల్చేస్తుంది. ఆపైన కాసేపు కదిలే బొమ్మ ఉండదు. పాత పత్రికల్లో గరుకుగా అచ్చయ్యే ఫొటోల లాంటి స్థిరచిత్రాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి: ఇనుప కొక్కేలు పట్టుకున్న మనుషులు, వారి చేతుల్లో బెన్ శవం, తర్వాత మంట. అక్కడితో సినిమా అయిపోతుంది, ఎవరూ ఏ వివరణా ఇవ్వరు.

నా డిస్కులో ఆ మంట దగ్గర సినిమా ఆగలేదు. ఏడాది తర్వాత అంటూ కథ సాగింది. శవం కరిచినా చావకుండా బతికి బయటపడిన ఆ పాస్టరు టీవీ విలేఖరికి ఇంటర్వ్యూ ఇస్తూ, తనను దేవుడే కాపాడాడని చెప్పుకున్నాడు. దీపాలు వేశాక మొదటిసారి చూసిన మిత్రులలో ఒకరు, “అయితే ఇది విశ్వాసం గురించిన సినిమా అన్నమాట, నువ్వు జాతి వివక్ష గురించి అన్నావేమిటి?” అని అడిగారు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. తన ముందు పెట్టినదాన్ని శ్రద్ధగా చూసిన మనిషి అడగవలసిన ప్రశ్నే అది. చివర మాట ఎవరిదైతే ప్రేక్షకుడు సినిమాను వారిదిగానే గుర్తుపెట్టుకుంటాడు. ఇక్కడ చివర మాట కాలిపోయిన బెన్ నుంచి లాక్కుని పాస్టరుకిచ్చారు.

మూలంలోని రాజకీయం ఎంత సున్నితంగా అల్లుకుందో తెలిస్తే ఈ మార్పు ఎంత మొరటుదో అర్థమవుతుంది. సినిమా మొత్తంలో బెన్ రంగు గురించి ఒక్కరైనా ఒక్క మాటైనా అనరు. ఆ పాత్రను నల్లజాతి వ్యక్తిగా రాయలేదు. నటన పరీక్షకు వచ్చినవారిలో డ్వేన్ జోన్స్ బాగా చేశాడు కాబట్టే తీసుకున్నామని రొమేరో చివరిదాకా చెబుతూ వచ్చాడు. రాతలో మోటుగా మాట్లాడే లారీ డ్రైవరుగా ఉన్న బెన్ మాటలను చదువుకున్న మనిషి మాటలుగా దిద్దుకున్నది జోన్సే. సినిమా పూర్తిచేసి, డబ్బాల్లో పెట్టుకుని పిట్స్‌బర్గ్ వైపు నుంచి న్యూయార్క్‌కు కారులో వెళ్తున్న రాత్రే, 1968 ఏప్రిల్ 4న, మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారన్న వార్తను రొమేరో రేడియోలో విన్నాడు. ఆ అక్టోబరులో సినిమా విడుదలయ్యేనాటికి, తుపాకులు పట్టిన తెల్లవారి గుంపు ఒక నల్లజాతి యువకుణ్ణి కాల్చి కొక్కేలతో ఈడ్చుకెళ్ళడం ప్రేక్షకులకు వట్టి కథగా కనిపించే అవకాశమే లేదు. అంటే ఆ సందేశంలో కొంత తీసినవారిది, కొంత ఆ ఏడాదిది, కొంత చూసినవారిది. అటువంటిదాన్ని ఒక పాత్ర నోట ఉపన్యాసంగా చెప్పిస్తే, ప్రేక్షకుడు తనకై తాను వేసుకోవలసిన లెక్కను మనమే బల్ల మీద వేసి చూపినట్టవుతుంది.

అప్పటి ప్రేక్షకుల స్పందన కూడా ఆ వివరణలేని ముగింపు మీదే నిలబడి ఉంది. చికాగోలో పిల్లలు నిండిన ఒక మధ్యాహ్నపు ఆటలో ఈ సినిమా చూసిన విమర్శకుడు రోజర్ ఈబర్ట్, 1969 జనవరిలో సినిమా గురించి కంటే ఆ హాలు గురించే ఎక్కువ రాశాడు: మొదట కేకలు, నవ్వులు, తర్వాత నిశ్శబ్దం, తనకు కాస్త అవతల కూర్చున్న తొమ్మిదేళ్ళ పాప కదలకుండా ఏడుస్తూ ఉండిపోవడం. వయసును బట్టి సినిమాలను వర్గీకరించే పద్ధతి అమెరికాలో 1968 నవంబరులోనే మొదలైంది కనుక, అంతకుముందే విడుదలైన ఈ చిత్రానికి పిల్లలను రానివ్వకుండా ఆపే నియమమేదీ లేకపోయింది. ‘వెరైటీ’ పత్రికైతే ఈ సినిమాను హింసోన్మాదమని తిట్టిపోసింది. ఆ తిట్లూ ఆ ఏడుపూ ఎందుకు వచ్చాయో నా దగ్గరున్న డిస్కు చూస్తే ఎవరికీ అర్థం కాదు.

మతం విషయంలోనూ మూలం మౌనంగా లేదు, కానీ గొంతు పెంచదు. ఆరంభంలో తండ్రి సమాధి దగ్గర చెల్లెలు మోకరిల్లి ప్రార్థిస్తుంటే అన్న జానీ అసహనంగా దిక్కులు చూస్తాడు, ప్రార్థన చర్చిలో చేసుకోవలసిందని అంటాడు, చిన్నప్పుడు తాత తనను నరకానికి పోతావని శపించిన సంగతి చెప్పి నవ్వుతాడు. కాసేపటికే వాడి పని అయిపోతుంది. మధ్యలో టీవీలో కనిపించే శాస్త్రవేత్త, శవాలను వెంటనే కాల్చేయాలని, అంత్యక్రియలు ఇచ్చే ఓదార్పును ఇప్పుడు వదులుకోక తప్పదని పొడిగా చెప్పేస్తాడు. శవాలు లేవడానికి కారణంగా అక్కడ వినిపించేది శుక్రగ్రహం నుంచి తిరిగివస్తున్న అంతరిక్షనౌక తెచ్చిన వికిరణం. అదీ ఖాయమని ఎవరూ అనరు. దేవుడు ఉన్నాడనీ లేడనీ తేల్చని ఆ చిత్రానికి, దేవుడే కాపాడాడన్న తీర్పు తగిలించడమే నా అభ్యంతరం.

మతసందేశం ఉండటమే నేరమని నేను అనడం లేదు. 1973 నాటి ‘ది ఎగ్జార్సిస్ట్’, ఒక చిన్నపిల్లను పట్టిన దయ్యాన్ని పాదరీలు వదిలించే కథ. అది చూసినవారిలో చాలామంది చివరికి దయ్యమే గెలిచిందనుకున్నారని రచయిత విలియం పీటర్ బ్లాటీ బాధపడేవాడు. 2000లో దర్శకుడు ఫ్రీడ్‌కిన్ కొన్ని తొలగించిన దృశ్యాలను తిరిగి చేర్చాడు. వాటిలో, ఇంతమందిలో ఈ చిన్నపిల్లకే ఎందుకిలా అని ఇద్దరు పాదరీలు మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునే సన్నివేశం ఒకటి. అది నేరుగా మతపరమైన సందేశమే, ప్రేక్షకుల స్పందనకు ఇచ్చిన జవాబు కూడా. కానీ ఆ దృశ్యాలు అప్పుడే, ఆ నటులతోనే తీసినవి, చేర్చింది తీసినవారే, పైగా మీరింతవరకు చూడని రూపమిది అని అట్ట మీదే పెద్దగా అచ్చువేసి అమ్మారు. కొనేవాడికి తానేం కొంటున్నాడో తెలుసు.

రొమేరో సినిమాకు ఈ గతి పట్టడానికి కారణం ఒక చిన్న పొరపాటు. విడుదలకు ముందు దాని పేరు ‘నైట్ ఆఫ్ ద ఫ్లెష్ ఈటర్స్’. పంపిణీదారు పేరు మార్చి కొత్త టైటిల్ కార్డు వేసినప్పుడు, పాత కార్డు మీదున్న కాపీరైట్ ప్రకటన కొత్తదాని మీదికి ఎక్కలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ప్రకటన లేకుండా విడుదలైన చిత్రానికి హక్కులు ఉండవు. దాంతో అక్కడ ఎవరైనా నకలు తీసుకోవచ్చు, రంగులు పూయవచ్చు, కోయవచ్చు, అతకవచ్చు, అమ్మవచ్చు. 1980లలోనే శవాలకు ఆకుపచ్చ రంగు పూసిన ప్రతి ఒకటి వచ్చింది. నాకు అంటగట్టినది 1999లో ముప్పయ్యవ వార్షికోత్సవ ముద్రణగా వచ్చింది; మూలానికి సహరచయితగా పనిచేసిన వ్యక్తే కొత్త దృశ్యాలకు దర్శకుడు. తమాషా ఏమిటంటే, అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలోకి అసలు చిత్రాన్ని చేర్చినదీ అదే ఏడాది. వార్షికోత్సవ ముద్రణను దాని పేరుతోనే అమ్మితే నాకు పేచీ లేదు. కుతూహలం కొద్దీ కొనేవారు కొంటారు. అసలుదని చెప్పి అమ్మడమే మోసం.

కొనేముందు నిడివి చూసి ధైర్యపడకండి, నేను మోసపోయింది అక్కడే. కొత్తగా సుమారు పావుగంట చేర్చినా పాతదాంట్లో కొంత కోసేశారు కాబట్టి మొత్తం నిమిషాలు అసలు 96కి దగ్గరగానే ఉంటాయి. వెనక అట్ట ఫొటో అడిగి తెప్పించుకుని అక్షరాలు చదవండి: వార్షికోత్సవం అన్న మాట గానీ, ఒకే వ్యక్తి కట్టిన కొత్త సంగీతం అన్న మాట గానీ, నటుల పట్టికలో పాస్టరు గానీ ఉంటే అది ఈ అతుకుల ప్రతే. మూలంలో వినిపించేదంతా అప్పటికే సిద్ధంగా ఉన్న సంగీత నిల్వల నుంచి తీసుకున్నది, కాబట్టి సంగీత దర్శకుడి పేరు ప్రముఖంగా కనిపించడమే అనుమానించదగ్గ విషయం. డిస్కు చేతికొచ్చాక మొదటి నిమిషం చూడండి, ఖాళీ దారి కాక మరేదైనా కనిపిస్తే అక్కడే ఆపి తిప్పి పంపండి. మంచి ప్రతి కావాలంటే, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం, పాత చిత్రాలను కాపాడే ఫిల్మ్ ఫౌండేషన్ సంస్థ కలిసి అసలు నెగటివ్ నుంచి పునరుద్ధరించిన రూపం ఉంది. 2018లో క్రైటీరియన్ సంస్థ దాన్ని డిస్కుగా తెచ్చింది. వట్టినే చూస్తే చాలనుకునేవారికి అసలు చిత్రం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

హైడ్రోజన్ బాంబు పరీక్షలు లేపిన రాక్షసమృగం కథ ‘గాడ్జిల్లా’ కొనేవారూ ఇదే జాగ్రత్త పడాలి. 1954 మార్చిలో అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద జపాను చేపల పడవ మీద పడిన కొద్ది నెలలకే వచ్చిన జపనీయ మూలంలో, రైల్లో వెళ్ళే ఒక స్త్రీ తాను నాగసాకి నుంచి బతికి బయటపడిన మాట చెబుతుంది. 1956లో అమెరికన్ విలేఖరి పాత్రను చొప్పించి అమెరికాలో విడుదల చేసిన రూపంలో ఆ మాట లేదు. మొదటిది 96 నిమిషాలు, రెండోది సుమారు 80. ఇక్కడైతే నిడివి పనికొస్తుంది.

నా డిస్కు సంగతికొస్తే, వాపసు అడిగినందుకు అమ్మినవారు ఇచ్చిన జవాబు, “అదే సినిమా అండీ, పైగా కొత్త సీన్లు ఎక్స్‌ట్రా వచ్చాయి, మీకు నష్టమేముంది?” అని. మూడుసార్లు రాసి, వారి వివరణ ఫొటోను, డిస్కు వెనక అట్ట ఫొటోను పక్కపక్కన పెట్టి పంపాక సగం డబ్బు తిరిగి ఇచ్చారు. ఈ రోజు మళ్ళీ చూస్తే ఆ పేజీలో ‘1968 నాటి అసలు చిత్రం’ అన్న మాట అలాగే ఉంది. మారింది ఫొటో ఒక్కటే: ఇదివరకు రెండు వైపులా చూపించేవారు, ఇప్పుడు ముందు అట్ట మాత్రమే ఉంది.